ఇరుకుదొడ్డిలో మూడు రోజులు

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి పశువుల ఆస్పత్రి బండి గేటు ముందు ఆగేసరికి, పాలసీసమ్మ గోరువెచ్చని నీళ్ల బకెట్టుతో అక్కడే నిలబడి ఉంది. ఎనిమిదింటికే వచ్చింది. నీళ్లు చల్లారిపోతుంటే రెండుసార్లు వెళ్లి మార్చుకొచ్చింది.

తల్లి లేని గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టడం ఆ గొర్రెల ఫారంలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని. అందుకే అందరూ పాలసీసమ్మ అంటారు. ఆమె చేతిపాలు తాగి పెరిగినవి వందల్లో ఉంటాయి. మందలో కలిశాక ఏ ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు, చిట్టి తప్ప. చిట్టి అంటే ఇప్పుడు తొంభై కిలోల పొట్టేలు. కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. అయినా ఆమె గొంతు వినపడితే చాలు, సన్నగా అరుస్తూ తడికల దాకా పరుగెత్తుకొచ్చి నుదురు ఆమె అరచేతికి ఆనించి నెడతాడు. ఆమె తిరిగి నెడుతుంది. వాడికి మూడు వారాల వయసప్పటి నుంచీ ఇద్దరికీ అదే ఆట.

గిట్టలో చీము పట్టి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు వాడు. ఆ తొమ్మిది రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు. ఎవరు ఏ బండి ఎక్కినా తిరిగి రారేమోనన్న భయం ఆమెది. వదిన సబ్బు కోసం వీధి చివరి కొట్టుకు వెళ్లినా వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. వదిన అంటే చనిపోయిన అన్నగారి భార్య. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, ఇదే ఫారంలో పని చేస్తారు. "కొట్టుకి వెళ్తున్నానే, కాటికి కాదు" అని వదిన విసుక్కుంటుంది గానీ, మలుపు తిరిగే ముందు ఒకసారి ఆగి చెయ్యి ఊపుతుంది.

చిట్టి బండి దిగాడు. కాలు బాగయింది. కానీ ఒళ్లంతా మందుల కంపు. పాలసీసమ్మ వాణ్ని కుళాయి దగ్గర కట్టేసి, తన ఒంటి సబ్బుతోనే తోమింది. మెడ కింద, చెవుల వెనక, తొడల మధ్య, ఎక్కడా వదల్లేదు. గోనెసంచితో తుడిచింది. ఇన్ని రోజులకు ఇంటికొచ్చాడు, నీటుగా వెళ్లాలి కదా అనుకుంది. అప్పుడు గేటు తీసి పొట్టేళ్ల దొడ్డిలోకి వదిలింది.

లోపల నాలుగు పొట్టేళ్లున్నాయి. పెద్దది దొర. తరవాత కొమ్ములు లేని బోడిగుండు, ఎప్పుడూ పక్కపక్కనే తిరిగే కవలలిద్దరు. రెండేళ్లుగా చిట్టితో ఒకే తొట్టిలో తిని, ఒకే నీడలో పడుకున్నవాళ్లే. దొర తల ఎత్తాడు. పైపెదవి మడిచి గాలి పీల్చాడు. చిట్టి తన పాత చోటు వైపు తాపీగా నడుస్తున్నాడు.

దొర వెనక్కి నడిచాడు. అయిదడుగులు, పదడుగులు. తరవాత పాలసీసమ్మకు వినపడింది చప్పుడే. దుంగ మీద దుంగ పడ్డట్టు. చిట్టి ముందుకాళ్ల మీద కూలబడ్డాడు. లేచేలోగా బోడిగుండు పక్కటెముకల్లో కుమ్మాడు. కవలలు చెరోవైపు నుంచి వచ్చారు.

"ఓరి నాయనోయ్, చంపేస్తున్నారు! వదినా!"

వదిన గొర్రెల కొట్టంలోంచి పరుగున వచ్చి, ఖాళీ డబ్బాను ఇనపగేటుకేసి దబదబా కొట్టింది. నీళ్ల బకెట్టెత్తి దొర మొహాన గుమ్మరించింది. ఆ క్షణంలో పాలసీసమ్మ చిట్టి కొమ్ము పట్టి బయటికి లాగింది. కనుబొమ్మ మీద చర్మం చిట్లి రక్తం కారుతోంది. వాడు వణుకుతూ నుదురు ఆమె చేతికి ఆనించాడు.

వదిన వంగి వాడి వీపు వాసన చూసింది. ముక్కు చిట్లించింది.

"ఏమే, వీడికి స్నానం చేయించావా?"

"ఆస్పత్రి కంపు కొడుతుంటేనూ..."

"సబ్బుతోనా?"

"నా ఒంటి సబ్బే వదినా. మంచిదే."

"మంచిదేలే! పెళ్లిచూపులకి తయారుచేసినట్టు చేశావు. వీడి వాసన మిగిలింది కాస్తో కూస్తో ఉంటే అది కూడా కాలవలో కలిపేశావు కదే తల్లీ. తొమ్మిది రోజులు కనబడనివాడు, పైగా గులాబీపువ్వులా ఘుమఘుమలాడుతూ వస్తే, వాళ్లకి వీడెవడని తెలుస్తుంది?"

పాలసీసమ్మ నుదురు కొట్టుకుంది. ఇరవై రెండేళ్లు గొర్రెల మధ్య బతికి, ఈ ముక్క తట్టలేదు. తట్టకపోవడానికి కారణం తెలుసు. వాడు వస్తున్నాడన్న సంతోషంలో గొర్రెల సంగతే మరిచిపోయింది.

గొడవ విని మేనేజరు వచ్చాడు. ఆమెకు కొడుకుంటే ఆ వయసే ఉండేది. చెడ్డవాడు కాదు. అదే ఆమెకు మరింత భయం. చెడ్డవాడైతే కనీసం నాలుగు శాపనార్థాలు పెట్టొచ్చు.

"చూడండి పెద్దమ్మా, ఈనే గొర్రెలతో కొట్టాలన్నీ నిండిపోయాయి. వీణ్ని విడిగా పెట్టే చోటు లేదు. ఉన్నా ఒంటరిగా పెడితే మేత ముట్టడు, మీకూ తెలుసు. కలిపి పెడితే వీడు చావాలి, లేదా దొర చావాలి. శుక్రవారం పదింటికి కబేళా బండి వస్తోంది. ఆ వేళకి అయిదూ ఒక తొట్టి దగ్గర మేస్తుంటే సరే. లేకపోతే వీడు బండెక్కుతాడు."

"ఇంకొక్క వారం బాబూ..."

"బండి మళ్లీ వచ్చే నెలకి గానీ రాదు. ఈలోపు ఎన్ని ఎముకలు విరుగుతాయో ఎవరు చూస్తారు?" అని, కాస్త ఆగి, "నాకు మాత్రం సంతోషమా?" అన్నాడు.

బండి అన్న మాట దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి.

"ఏడవకు" అంది వదిన, ఆయన వెళ్లాక. "మా నాన్న మంద మేపేవాడు కదా. ఇలాంటప్పుడు ఇరుకుదొడ్డి కట్టేవాడు. పొట్టేలు బలమంతా పరుగులో ఉంటుంది. వెనక్కి నాలుగడుగులు నడిచే చోటు ఇవ్వకపోతే ఎంతటివాడైనా నెట్టగలడు గానీ చంపలేడు. రెండు రోజులు ఒకళ్ల ఒంటికి ఒకళ్లు రాసుకుంటూ నిలబడితే వాసనలు కలిసిపోతాయి. కానీ ఒక మాట. మధ్యలో ఒక్క నిమిషం బయటికి తీశామా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తట్టుకోగలవా?"

"వాడు తట్టుకోవాలి గానీ, నాదేముంది?"

"నీదే సందేహం" అంది వదిన.

గోడమూలకి రెండు చెక్క తడికలు అడ్డం పెట్టారు. గోడకి గడ్డి కుక్కిన గోనెసంచులు వేలాడగట్టారు, ఒత్తుకున్నా ఎముకలు విరగకుండా. నేలమీద మోకాలి లోతు ఎండుగడ్డి పరిచారు. దాణా పెట్టకూడదు, దానికోసం కొట్టుకుంటారు. ఎండుమేత, నీళ్లు, అంతే.

"ఇంకేదన్నా ఘాటైన వాసన అందరికీ ఒకేలా పూస్తే మంచిది" అని వదిన చుట్టూ చూసింది. పాలసీసమ్మ గదికి వెళ్లి తన మోకాళ్ల నొప్పుల తైలం సీసా తెచ్చింది. నిండు సీసా. చలికాలమంతా అదే ఆధారం. వదిన ఒకసారి సీసా వైపు, ఒకసారి ఆమె మోకాళ్ల వైపు చూసి మూత తీసింది. అయిదుగురి ముక్కుల మీద, నుదుళ్ల మీద, తోకల కింద బొట్టు మిగల్చకుండా రుద్దారు. దొర తుమ్మాడు.

"హమ్మయ్య, అయిదుగురూ నీలాగే కంపు కొడుతున్నారు" అంది వదిన. "ఇక గుర్తుపట్టలేకపోతే కళ్లజోళ్లు కొనాలి."

మధ్యాహ్నం పన్నెండింటికి అందరినీ లోపలికి తోసి తడిక బిగించారు. గురువారం పన్నెండు దాకా తెరవకూడదు.

మొదటి గంట చూడలేకపోయింది. దొర వెనక్కి జరగబోతే వెనకభాగం గోడకి తగిలేది. ఉన్నచోటి నుంచే తల విసిరేవాడు. కొమ్ముకి కొమ్ము రాసుకుని కరకరమనేది. చిట్టి నలుగురి మధ్యా నలిగిపోతూ పడుకునే చోటు లేక నిలబడ్డాడు. ఆమె అడుగుల చప్పుడు వినగానే సన్నగా అరిచి తడిక వైపు తోసుకొచ్చేవాడు. వాడు కదిలితే నలుగురూ రేగేవాళ్లు. గోనెసంచికేసి వాణ్ని నొక్కేసేవాళ్లు.

బుధవారం పొద్దుటికి ఇలా ఆరేడుసార్లు జరిగింది. వదిన గమనించింది.

"నువ్వు లేనప్పుడు వాడు కుదురుగానే ఉంటున్నాడే. నిన్ను చూస్తేనే లేస్తున్నాడు, దెబ్బలు తింటున్నాడు. నువ్వు రాకు."

"నేను రాకపోతే వాడికి ఎవరున్నారు వదినా?"

"ఆ నలుగురూ ఉండాలనే కదా ఇంత తంటా!"

పాలసీసమ్మ మేతగదిలోకి వెళ్లి బస్తాల మధ్య కూర్చుంది. గోడ అవతలే ఇరుకుదొడ్డి. చెక్కల సందులోంచి చిట్టి గొంతు వస్తూనే ఉంది. చెవులు మూసుకుంది. మూసుకుంటే ఇంకా పాత గొంతులు వినపడతాయి.

ఎనిమిదేళ్లప్పుడు ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే దూరాన ఉన్న మేనత్త ఇంటికి పంపారు. గాలి మార్పు కోసం అన్నారు. రెండేళ్లుంచారు. తిరిగొచ్చిన రోజు అమ్మ వాకిట్లోనే స్నానం చేయించి కొత్త గౌను తొడిగింది. లోపలికి వెళ్తే అన్న, చెల్లి, తమ్ముడు తలుపు వెనక నిలబడి చూశారు. తమ్ముడు అమ్మ కొంగు లాగి, "ఈ అమ్మాయి ఎప్పుడు వెళ్లిపోతుంది?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ ఒంట్లో ఎక్కడో ముల్లులా ఉంది. ఆ రోజు అమ్మ దుప్పట్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. నలుగురికీ ఒక్కటే ఇచ్చింది.

"మీ అన్న చెప్పేవాడు" అంది వదిన, మేత తీసుకోవడానికి వచ్చి ఆమె మొహం చూసి, ఏం తలుచుకుంటోందో గ్రహించి. "వారం రోజులు నిన్ను దుప్పట్లో తన్నుతూనే ఉన్నాట్ట. ఎనిమిదో రోజు పొద్దున లేచి చూస్తే నీ కాళ్లు తన పొట్ట మీద ఉన్నాయట. తియ్యాలనిపించలేదట."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మొగపిల్లాడు, ఎలా చెబుతాడు? నాకూ పెళ్లయిన పాతికేళ్లకు చెప్పాడు."

బుధవారం అలా గడిచింది. గురువారం పొద్దున వదిన ఈనుతున్న గొర్రె దగ్గర ఇరుక్కుపోయింది. పదకొండు దాటింది. చిట్టి గొంతు ఆగిపోయింది.

అరుపు వింటున్నంతసేపూ భరించింది గానీ, ఆగిపోవడం భరించలేకపోయింది. సందులోంచి చూస్తే నాలుగు వీపులే కనపడుతున్నాయి. చిట్టి లేడు. కింద పడ్డాడు, తొక్కేస్తున్నారు, ఊపిరాడడం లేదు. ఇంకొక్క గంట, ఒకే ఒక్క గంట అని మనసు చెబుతూనే ఉంది. కాళ్లు అప్పటికే దొడ్డి దగ్గరున్నాయి, చేతులు తాడుముడి విప్పుతున్నాయి.

తడిక జానెడు తెరుచుకుంది.

చిట్టి గడ్డిలో పడుకుని ఉన్నాడు. చావలేదు. దవడ కదులుతోంది, నెమరేస్తున్నాడు. వాడి వీపు మీద దొర గడ్డం ఆనించి కళ్లు సగం మూసుకుని నిలబడ్డాడు.

ఆమెను చూడగానే చిట్టి దిగ్గున లేచాడు. దొర గడ్డం జారిపోయింది. వాడు తల సందులోంచి బయటికి పెట్టి నుదురు ఆమె అరచేతికి ఆనించాడు. ఒక్కసారి లాగితే వచ్చేస్తాడు. వస్తే అంతా మొదటికొస్తుంది. రేపు పదింటికి బండి.

"వద్దురా, వద్దు నా తండ్రీ, లోపలికి పో" అంటూ ఆమె వాడి నుదుటి మీద చెయ్యి వేసి బలంగా నెట్టింది.

చిట్టికి అది తెలిసిన ఆటే. తల వెనక్కి తీసి, ఉన్న కొద్ది చోటులోనే కాళ్లు తన్నిపట్టి, తిరిగి నెట్టాడు. నుదురు ఆమె ఎడమ మోకాలికి తగిలింది. ఆమె వెల్లకిలా పడింది.

నొప్పితో కళ్లు బైర్లు కమ్మాయి. అయినా కుడికాలు చాపి తడికను తన్ని మూసింది. మడమతో అదిమిపట్టి, పాక్కుంటూ వెళ్లి తాడు అందుకుంది. ముడి వేసేదాకా మడమ తియ్యలేదు. తడిక అవతల చిట్టి, మళ్లీ నెట్టదేమని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆ నేలమీద కూర్చునే ఆమెకు ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. అరచెయ్యంత పిల్లగా ఉన్నప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టి నెట్టింది తను. కొట్లాటకి అది పిలుపని పొట్టేలికి పుట్టుకతోనే తెలుసు. తను ముద్దనుకుంది. మనిషంటే భయం లేకుండా, మనిషికీ పొట్టేలికీ తేడా తెలియకుండా పెంచింది. వాడు ఇప్పుడు చేసింది తప్పు కాదు. కానీ మనిషిని పొడిచిన పొట్టేలని మేనేజరుకి తెలిస్తే, తొట్టి దగ్గర ఎంతమందితో మేసినా సరే, బండెక్కించేస్తాడు.

వదిన వచ్చి చూసింది. నేలనీ, మోకాలినీ, కొత్త ముడినీ.

"తీశావు కదూ."

"జానెడు."

"బయటికొచ్చాడా?"

"రాలేదు. రానివ్వలేదు. వదినా, మేనేజరుకి చెప్పకు."

వదిన తిట్టడానికి నోరు తెరిచింది. మూసుకుంది. "ఇక పన్నెండింటికి తియ్యను, రేపు మేనేజరు వచ్చేదాకా ఇలాగే ఉండనీ" అంటూ చంకల కింద చేతులు వేసి లేపింది. "తైలం కూడా లేదు" అంది, "అయిదుగురికీ పూసేశాం. దొర దగ్గరకెళ్లి మోకాలు రాసుకో."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే పాలసీసమ్మ ఏడ్చింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి మేనేజరు వచ్చాడు. బండి అప్పటికే గేటు బయట ఉంది. వెనకతలుపు తెరిచి ఉంది. పాలసీసమ్మ మేతగది గుమ్మంలో, తలుపుచెక్క పట్టుకుని, రెండు కాళ్లమీదా సమంగా నిలబడడానికి ప్రయత్నిస్తోంది.

"కాలికేమైంది పెద్దమ్మా?"

"మోకాళ్ల నొప్పులు బాబూ. పాతవే. తైలం అయిపోయింది."

ఆయన ముక్కు ఎగబీల్చాడు. "అయిపోయిందా? ఫారమంతా ఆ వాసనేగా!"

ఆమె నవ్వినట్టు మొహం పెట్టి లోపలికి జరిగింది. తలుపు మూసుకుంది. సందు దగ్గరకి చేరి ఒక కన్ను ఆనించింది. నోరు కొంగుతో మూసుకుంది.

వదిన తడికలు లాగేసింది. దొడ్డి ఒక్కసారిగా విశాలమైపోయింది. బోడిగుండు, కవలలు కాళ్లు సాచుకుంటూ నడిచారు. దొర వెనక్కి ఒక అడుగు వేశాడు. రెండు. మూడు. ఆమె లెక్కపెడుతోంది. అయిదు. ఆరు. చిట్టి తల దించాడు.

ఢీ. గోడ అదిరింది.

మేనేజరు గేటు వైపు చెయ్యి ఎత్తబోయాడు. "ఒక్క క్షణం ఆగండి" అంది వదిన, కదలకుండా.

దొర మళ్లీ వెనక్కి నడిచాడు. ఈసారి నాలుగే. ఢీ. ఇది మొదటిదంత గట్టిగా లేదు. చిట్టి తూలి, నిలదొక్కుకుని, తల పక్కకి తిప్పేశాడు. మెడ చాచి నేలకి దించాడు. ఓడిపోయాను, సరేనా అన్నట్టు. దొర మూడోసారి వెనక్కి నడవలేదు. పక్కనుంచి వచ్చి చిట్టి వీపు వాసన చూశాడు. తోక దగ్గర ఇంకాస్త చూశాడు. పెదవి మడిచి ఆలోచించాడు. తరవాత తన మొహం వాడి డొక్కకేసి, దురద తీర్చుకున్నట్టు, రెండుసార్లు రుద్దుకుని తొట్టి వైపు వెళ్లిపోయాడు.

వదిన దాణా గుమ్మరించింది. నలుగురూ వరసగా నిలబడ్డారు. చిట్టికి అందరికంటే చివర, తొట్టి అంచు దగ్గర చోటు దొరికింది. ఇంతకుముందు వాడిది దొర పక్క చోటు. అది పోయింది.

మేనేజరు కాసేపు చూశాడు. బండివాడికి ఇవ్వాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు బయటికి వెళ్లి బండివాడితో ఏదో అన్నాడు. తలుపు మూసిన చప్పుడు, బండి కదిలిన చప్పుడు. ఆమె బతుకులో కబేళా బండి ఖాళీగా వెళ్లిన చప్పుడు వినడం అదే మొదటిసారి. మలుపు తిరిగి పూర్తిగా ఆగిపోయేదాకా విన్నది.

వదిన మేతగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"రేపటి నుంచి పొట్టేళ్లకి మేత నేను వేస్తాను. నువ్వు ఆ వైపు రాకు. ఇకమీదట ఏ మగపిల్ల నుదురూ ముట్టుకోకు."

"దూరంగా నిలబడైనా..."

"వాడు నీ గొంతు విని పరుగెత్తుకొచ్చాడంటే మళ్లీ అంతా మొదటికే. నీకు వాడు కావాలా, వాడు బతకడం కావాలా?"

పాలసీసమ్మ మళ్లీ సందుకి కన్ను ఆనించింది.

అప్పుడే తొట్టి దగ్గర చిట్టి తల ఎత్తాడు. దొడ్డి అంతా చూశాడు. మేతగది వైపు తిరిగి, ఆ సన్నటి గొంతుతో పిలిచాడు. ఆమె పెదవులు వాటంతటవే విడివడ్డాయి. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. వాడు మళ్లీ పిలిచాడు, ఈసారి కాస్త పొడుగ్గా.

మూడోసారి పిలుస్తాడేమోనని ఆమె చెవి సందుకి ఆనించింది. మోకాలు సలపరిస్తోంది. గోడ అవతల నుంచి అయిదు నోళ్లు దాణా నమిలే చప్పుడు వస్తోంది. అందులో చిట్టిది ఏదో ఆమెకు తెలియలేదు.